ఆవుపాల మీగడ మీద అనుమానం

మా ఆయనకు సత్తుపల్లి బొగ్గు గనిలో ఉద్యోగం రావడంతో అక్కడ కిరాయి ఇంట్లో దిగాం. అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. మధిర వైపు బర్రెపాలతో పెరిగినదాన్ని. ఇక్కడ పొద్దున్నే ఒక పెద్దావిడ ఆవుపాలు తెచ్చి పోసేది.

ఎండాకాలమంతా బాగానే ఉంది. వానలు పడ్డ నెలకు మీగడ పసుపుపచ్చగా తేలడం మొదలైంది. నీళ్లు కలిపి, చిక్కగా కనబడాలని రంగేదో వేస్తోందని నాకు అనుమానం పట్టుకుంది.

"ఇందులో ఏం కలుపుతున్నావు పెద్దమ్మా?"

"ఏం కలుపుత బిడ్డా? పొద్దుగాల మా కొట్టంకాడికి రా, నీ ముందట్నే పిండుత."

అంత ధైర్యంగా పిలిచిందంటే వెనకాల ఏదో ఉందనిపించింది. వెళ్లలేదు. వెళ్లకుండానే పక్కింటి ఆవిడతో, ఎదురింటి టీచరమ్మతో చెప్పాను. ఆ వారంలోనే ఇద్దరూ ఆమె దగ్గర పాలు మానేశారు.

నేను మాత్రం రుజువు కావాలని సీసాలో పాలు, గిన్నెలో మీగడ పట్టుకుని పశువుల దవాఖానాకు పోయాను. డాక్టరు సంగతంతా విని, మీగడ చూసి నవ్వాడు.

"పచ్చిగడ్డిలో పసుపు రంగు పదార్థం ఉంటదమ్మా. ఆకుపచ్చ కింద దాగి ఉంటది. పశువు పేగుల్లో అది విటమిన్ ఏ అయితది. ఆ విటమిన్‌కు రంగు కనబడదు. బర్రె దాదాపు అంతా మార్చేసుకుంటది, అందుకే దాని పాలు తెల్లగుంటయి. ఆవు కొంత మార్చక వదిలేస్తది. అది వెన్నలో కలిసి పాలలోకొస్తది. ఎండాకాలం ఎండుగడ్డి, ఇప్పుడు పచ్చిగడ్డి. గంతే."

"మరి నిజంగానే రంగు కలిపి ఉంటే?"

"పిలిచిందన్నరు కదా. పోయి చూడండి."

మర్నాడు పోయాను. ఆమె పొదుగు కడిగి, నా చెంబులోకే పిండి ఇచ్చింది. ఇంటికొచ్చి కాచి చల్లార్చాను. అదే పసుపు మీగడ.

ఆ సాయంత్రమే రెండిళ్లకూ పోయి, తప్పు నాదేనని చెప్పాను. పక్కింటావిడ మళ్లీ పోయించుకుంది. టీచరమ్మ మాత్రం, "ఏమో, మాకెందుకొచ్చిన గొడవ" అంది.

"నావల్ల నీకొక ఇల్లు పోయింది పెద్దమ్మా" అన్నాను.

"అవ్ బిడ్డా, పోయింది" అంది, అంతే.

ఆ రోజు నుంచి పాలు పోసేముందు క్యాను మూత తీసి, నా వైపు వంచి చూపించేది. వద్దన్నా మానలేదు.