ఖాసీం భాయ్ బిగించనివ్వని చైను

ఎండకూ వానకూ ఓర్చుకునే ఒళ్ళు నాకిచ్చి, నాకంటే ఓపికగల మనుషులను నా దారిలో నిలబెట్టిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆ మనుషుల్లో ఒకడు నన్ను తిట్టడానికే పుట్టాడని చాలాకాలం అనుకున్నాను. మొన్న ప్రార్థన ముగించి బయటికి వస్తుంటే వీధిలో ఒక మోటార్ సైకిల్ కరకరమంటూ పోయింది. అరిగిన చైను పళ్ళ మీద ఎక్కి జారినప్పుడు వచ్చే చప్పుడు అది. వినగానే హాలియా మెకానిక్ ఖాసీం భాయ్ గొంతు నా చెవిలో పడ్డట్టయింది. "మళ్ల చైన్ సెట్ తిన్నవా పాస్టర్ సాబ్?"

రాష్ట్రం వచ్చిన కొత్తలో నాకు నాలుగు ఊళ్ళలో సేవ ఉండేది. అన్నిటికంటే దూరం సాగర్ కాలువ చివరనున్న ఊరు. అక్కడ పదకొండు కుటుంబాలు రేకుల షెడ్డులో ఆరాధనకు కూడేవి. నా బండి సరిగ్గా ఆ దారిలోనే మొరాయించేది. అందరికీ రెండేళ్ళు వచ్చే చైన్ సెట్టు నాకు నాలుగు నెలలకే పోయేది. వెనక చక్రం పళ్ళు కొడవలి మొనల్లా ఒక పక్కకు వంగిపోయేవి, చైను సాగేది, చక్రంలో బేరింగు ఊగేది. ఏడాదిలో మూడు సెట్లు మార్చాను. మూడోది కూడా పోయి వరుసగా రెండు ఆదివారాలు దారి మధ్యలోంచే బండి తోసుకుంటూ వెనక్కి వచ్చాను. మా సంఘ పెద్ద యాకోబు మొహమాటం లేకుండా చెప్పేశాడు. "అయ్యగారు, వచ్చే ఆదివారం సుత గిట్లనే అయితే ఆ ఊరి ఆరాధన బంద్ పెడ్దాం. నాట్లు ఇడిసిపెట్టి వచ్చి, మీరు రాకపోతే వాపసు పోతున్నరు పాపం."

శుక్రవారం ఉదయం బండి తోసుకుంటూ ఖాసీం భాయ్ దుకాణానికి వెళ్ళాను. ఉపవాసంలో ఉన్నాను, కోపంలో కూడా ఉన్నాను. పలకరింపు కూడా లేకుండా అడిగేశాను. "భాయ్, నకిలీ సామాన్లు ఏస్తున్నవా నాకు?"

ఆయన పానా కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "నా కొడుకు బండికి ఏసింది సుత గదే. రెండేండ్లాయె, సప్పుడు లేదు. నిజం చెప్పు, చైన్ ఎవరు గుంజుతున్నరు?"

"నేనే," అన్నాను గర్వంగానే. "ప్రతి శనివారం."

శనివారం నాకు సిద్ధపాటు దినం. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాక బండిని పెద్ద స్టాండు మీద నిలిపి, చైను కడిగి, వేలు పెట్టినా ఊగనంతగా బిగించేవాణ్ణి. దేవుని పనికి పోయే బండిలో వదులుగా ఏదీ ఉండకూడదని నా పట్టుదల. అది విని ఖాసీం భాయ్ తల పట్టుకున్నాడు. "యా అల్లా! నేను రెండు వేళ్ళు ఆడేంత జాగ ఇడిసి పంపిస్త. గదంత నీకు పాపం లెక్క కనబడ్తదా?"

అంతటితో ఆగలేదు. కొత్త సెట్టు వేయనని మొండికేశాడు. "ఇంటికి పో. అమ్మగారిని తీస్కరా. ఆదివారం ఏమేం ఏస్కపోతవో మొత్తం పట్టుకరా. గప్పుడే చెయ్యి పెడ్త." బతిమాలినా వినలేదు. పళ్ళు కొరుక్కుంటూ ఇంటికి పోయి, నా భార్యనూ హార్మోనియాన్నీ డోలక్‌నూ పాటల పుస్తకాల సంచినీ ఆటోలో వేసుకొచ్చాను. ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్ళు ఊరుకుంటారా? "ఏంది సాబ్, ఇల్లు ఖాళీ చేస్తున్నవా?" అని ఒకాయన అరిచాడు. ఖాసీం భాయ్ ఆయన్నే పిలిచి బండి మీద నా జాగాలో కూర్చోబెట్టాడు. పక్కన ఒక స్టూలు వేసి, దాని మీద కాలు పెట్టి వెనక సీటు ఎక్కమని నా భార్యకు చెప్పాడు. సామానంతా కట్టించాక, "ఇప్పుడు ముట్టి చూడు," అన్నాడు.

వంగి చైను పట్టుకున్నాను. ఇనుప కడ్డీలా ఉంది.

"ఖాళీ బండిని గాలిల నిలబెట్టి బిగిస్తున్నవ్. మీరు కూసున్నంక చక్రం పైకొస్తది, చైను ఇంకింత గుంజుకుంటది. సాగనీకి దానికి జాగేది? గందుకే పళ్ళను తింటది, బేరింగ్‌ను తింటది. తప్పు సామాన్లది గాదు, నీ చేతులది."

సీటు మీది నుంచి నా భార్య అంది. "ఆ పానా దాచిపెడ్త భాయ్."

"దాచకు తల్లీ, ఎతుకుతడు. తెచ్చి నా దుకాణంల పడెయ్."

కొత్త సెట్టు వేసి, మేము కూర్చున్నప్పుడు కూడా కొంచెం ఆడేలా సరిచేశాడు. మేము దిగాక చైను వేలాడుతుంటే నాకు మనసొప్పలేదు. "వేలాడనీ," అన్నాడు. "నెలకోసారి రా. నేనే చూస్త."

ఆదివారం బండి చప్పుడు లేకుండా కాలువ చివరి దాకా పోయింది. షెడ్డులో అయిదు కుటుంబాలే ఉన్నాయి. మొదటి పాట అయ్యాక వచ్చినవాళ్ళు బయటే కూర్చోవాలని ఎండాకాలంలో నేనే ఒక నియమం పెట్టాను. అప్పుడు పొలం పనులు లేవు, అందరూ వేళకు వచ్చేవారు. ఇప్పుడు తలుపు బయట మోకాళ్ళ దాకా బురదతో ఒక అవ్వ నిలబడి ఉంది. "లోపటికి రా అవ్వా," అన్నాను. "మీ రూలు ఉన్నది గద అయ్యగారు," అంది. "మావోళ్ళు గందుకే వస్తలేరు. నాట్లు ఏసి ఉరికొచ్చేసరికి పాటయిపోతాంది." రెండు ఆదివారాలు నన్ను ఆపింది బండి. వాళ్ళను నెలరోజులుగా ఆపుతున్నది నేను, పనుల్లేని ఖాళీ రోజుల్లో బిగించిన నా నియమం. ఆ నిమిషంలో నాకు ఖాసీం భాయ్ మీద ఎంత ఒళ్ళు మండిందో చెప్పలేను. ఆ మనిషి చైను గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు, అయినా నన్ను ఇక్కడిదాకా వచ్చి పట్టుకున్నాడు. అవ్వను చెయ్యి పట్టి లోపల కూర్చోబెట్టి, ఆ నియమం తీసేశానని చెప్పాను. నెల తిరిగేసరికి పదకొండు కుటుంబాలూ వచ్చాయి. బంద్ పెడదామన్న మాట యాకోబు మళ్ళీ ఎత్తలేదు.

ఖాసీం భాయ్ ఊపిరితిత్తుల జబ్బుతో పోయి మూడేళ్ళయింది. జనాజా వెనకాల నేనూ నడిచాను. సంఘంలో ఎవరికైనా ఒక కట్టడి పెట్టబోయే ముందు, ఇప్పుడు ఆ ఇంటికి పోయి వాళ్ళ మీద ఏం బరువుందో చూసి వస్తాను. చాలాసార్లు ఆ మాట చెప్పకుండానే తిరిగొస్తాను. కాలువ చివరి ఊళ్ళో నాట్ల కాలంలో ఆరాధన ఇప్పుడు పొద్దు వాలాకే మొదలవుతుంది. ఇది చదివిన మీరు, ఆయన ఇంటివాళ్ళకు దేవుడు తోడుండాలనీ, బురద కాళ్ళతో వచ్చేవాళ్ళకు మా తలుపు ఎప్పుడూ తెరిచి ఉండాలనీ నాతో కలిసి ఒక్క మాట ప్రార్థించండి.