ట్రంపెట్ ఆగిన చోట

ప్రత్తిపాడు రెబ్కమ్మ ట్రంపెట్ అందుకుందంటే పెళ్లి ఊరేగింపు ఒక పట్టాన ముందుకు సాగేది కాదు. జనం సాగనిచ్చేవాళ్లు కాదు. మిషను బడిలో అబ్బిన విద్య అది. పక్కన డ్రమ్ము హుస్సేన్ సాహెబ్‌ది. పాట అయిపోయినా వీధి అయిపోదు గనుక, మిగతా దారికి ఇద్దరూ అప్పటికప్పుడు కల్పించి వాయించేవాళ్లు. డీజే పెట్టెలొచ్చాక ఆమె మిరప కోతలకూ, ఆయన పత్తి మిల్లుకూ మళ్లారు.

మొన్న వేసవిలో రెబ్కమ్మ కూతురు జెస్సీ ఊరూరా తిరిగి పాత పెళ్లి వీడియోలు పోగుచేసింది. వాటిలో వీళ్లు వాయించినవి ఏరి, ఒక పాటల సంపుటిగా తేవాలని ఆమె పట్టుదల. గుంటూరులో స్టూడియో నడిపే మాలిక్ అవి విని, ఇది జాజ్ అన్నాడు. అదేమిటని సాహెబ్ అడిగితే, ముందుగా అనుకోకుండా ఒకరినొకరు వింటూ అల్లుకుపోవడమని చెప్పాడు. తమకు వచ్చిందే అదొక్కటని సాహెబ్ నవ్వాడు.

ఏవి ఉంచాలో తేల్చడానికి అందరూ స్టూడియోలో కూర్చున్నారు. నల్లపాడు పెళ్లి వీడియో వంతు వచ్చింది. అప్పటికి రెబ్కమ్మ భర్త తోమా పోయి నెల తిరగలేదు. ఒప్పుకున్న పెళ్లి గనుక వెళ్లింది. ఆయనకిష్టమైన పాట సగంలో ట్రంపెట్ ఆగిపోయింది.

"అది తీసెయ్యి బాబూ. నలుగురూ వింటే నామోషీ" అంది రెబ్కమ్మ.

"తియ్యొద్దు," అన్నాడు సాహెబ్. "నా జన్మలో నేను సరిగ్గా వాయించింది ఆ కాసేపే, రెబ్కమ్మా. ఒక్కసారి విను."

ఆ రోజు ఆమెకేమీ వినపడలేదు. ఇప్పుడు వింది. డ్రమ్ము ఆమె తప్పును కప్పేయలేదు. దరువు తగ్గించి, చంటిబిడ్డను జోకొట్టినట్టు మెల్లగా తడుతూ, ఆమె కోసం కాచుకుని ఉంది. కాసేపటికి ట్రంపెట్ మళ్లీ లేచింది, ఎవరికీ తెలియని కొత్త వరసలో. రెబ్కమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, దాన్నే మొదట పెట్టమంది.

సంపుటి ఫోన్లలో పాకింది. పిడుగురాళ్ల నుంచి ఫర్హానా అనే పెళ్లికూతురు కబురు పెట్టింది, తనకు డీజే వద్దట, వీళ్లే కావాలట. రెబ్కమ్మ సాధన మొదలుపెట్టింది. తొలిరోజు ఉత్త గాలే వచ్చింది, పెదాలు వాచాయి. పోనుపోను స్వరం పలికింది.

పెళ్లినాడు బస్సెక్కితే, డ్రమ్ముకూ టికెట్టు తీయాలన్నాడు కండక్టరు. సత్తెనపల్లి దాకా సాహెబ్ అతనితో వాదిస్తూనే ఉన్నాడు. రెబ్కమ్మకు నవ్వు ఆగలేదు.