వారం మారింది

పొద్దున లేవగానే అద్దాలాయన మొదట చూసేది పిల్లల ముఖాలు కాదు, పక్కసందులో ఉన్న డబ్బా మూత. పడకగది కిటికీ తెరిస్తే సందు, సందులో గోడకి ఆనుకుని చక్రాల చెత్తడబ్బా. మూత బల్లపరుపుగా ఉంటే ఆ రోజుకి అతనికి ఊపిరి మామూలుగా ఆడేది. బొటనవేలి మందం లేచి ఉంటే, ఛాతీలో కూడా ఏదో అంతే మందాన లేచి సాయంత్రం దాకా దిగేది కాదు.

వీధిలో అతనికి వేరే పేరు లేదు. కళ్లజోళ్ల షాపు వెనకగదిలో, సన్నగా నీళ్లు కారే సానరాయి ముందు కూర్చుని, గుండ్రటి అద్దాల్ని ఫ్రేము ఆకారానికి అరగదీస్తాడు. వెంట్రుకవాసి ఎక్కువైతే అద్దం ఫ్రేములో బిగుసుకుని అంచు పగులుతుంది. తక్కువైతే, తొడుక్కున్న మనిషి చెప్పులకోసం వంగినప్పుడు జారి పడుతుంది. ఆ పనిలో అతనికి వంక పెట్టినవాళ్లు లేరు. లెక్క తప్పుతున్నది ఇంటి దగ్గరే.

చెత్తబండి ఇదివరకు ప్రతి గురువారం వచ్చేది. గురువారం అతనికి సెలవు కూడా. డబ్బా తోసుకెళ్లి గేటు బయట పెట్టడం, ఖాళీ డబ్బాలో బకెట్టెడు నీళ్లు కొట్టి బోర్లించడం అతని పని. ఒకరోజు గేటు సందులోంచి ఒక కాగితం వచ్చింది. ఇకపై బండి రెండు వారాలకోసారి. మూత పూర్తిగా పడని డబ్బాను ఎత్తరు. డబ్బా పక్కన పెట్టిన సంచులను ముట్టుకోరు. కాగితం అరచేతిలో పట్టేంత చిన్నది. ఇంట్లో మనుషులు నలుగురు, వాళ్లలో ఒకడికి ఏడు నెలలు.

ఏడు నెలలవాడికి రోజుకి ఆరు డైపర్లు. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే భార్య, బిడ్డని పనికి పోయేముందు రెండిళ్ల అవతల పిల్లల్ని చూసుకునే పెద్దావిడ దగ్గర వదిలేది. కాగితం వచ్చిన మర్నాడు సాయంత్రం పెద్దావిడ బిడ్డతో పాటు ముడివేసిన సంచీ కూడా చేతికిచ్చింది.

"ఏంటిది పిన్నీ?"

"వాడి సొత్తేనమ్మా. అయిదుగురు పిల్లలవి నేనెక్కడ దాచను? నాకూ డబ్బా ఒకటేగా. ఎవరిది వాళ్లు పట్టుకెళ్లండి."

ఆ రోజునుంచి బిడ్డ ఒక చంకలో, సంచీ ఒక చేతిలో. బస్సు దిగిన ముఖంతో గుమ్మంలోకి వచ్చి ఆమె ఒకసారి అంది: "ఆస్పత్రిలోనూ ఇదే వాసన, ఇక్కడా ఇదే. మధ్యలో బస్సులోనే నాకు కాస్త గాలి."

నాలుగేళ్ల కూతురు డబ్బాకి బొజ్జబాబు అని పేరు పెట్టింది. "నాన్నా, బొజ్జబాబు నోరు మూయట్లేదు" అని పొద్దున్నే వార్త చదివేది. ఆ మాటకి నవ్వాలో భయపడాలో అతనికి తెలిసేది కాదు. ఎందుకంటే డబ్బాకి సరిగ్గా పైన, మేడ మీద టీచరుగారి వంటగది కిటికీ.

ఇంటి యజమానురాలు టీచరుగారు. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. మెట్లు దిగితే మూడో మెట్టు దాకానే దిగుతుంది, అక్కడ నిలబడి మాట్లాడితే కింద ఉన్నవాళ్లు తలెత్తి వినాలి. అయినా వాళ్లని ఇంట్లో పెట్టుకున్న మనిషి ఆవిడే. అంతకుముందు ఏడు గుమ్మాలు ఎక్కారు. ఏడు చోట్లా గదులు చూపించడానికి ముందే "చిన్నపిల్లలా?" అని అడిగి, కడుపుతో ఉన్న భార్యని కింది నుంచి పైకి చూసి, తాళంచెవి వెనక్కి పెట్టుకున్నారు. ఎనిమిదో గుమ్మం ఇది. పెద్దావిడ ఇల్లు రెండడుగుల దూరం, బస్సు వీధి చివర. ఇది పోతే కథ మళ్లీ మొదటికి వస్తుంది, ఈసారి చంకలో బిడ్డతో.

కొత్త పద్ధతిలో మొదటి పది రోజులూ ఎలాగో గడిచాయి. ఆదివారం సాయంత్రం అతను గేటు తీస్తుంటే, గేటు లోపలివైపు రేకు మీద సుద్దముక్కతో గుండ్రటి అక్షరాలు కనిపించాయి. టీచరుగారి దస్తూరి.

"చెత్తబండి వారం మారింది. గమనించగలరు."

ఈ వారం రావలసిన బండి వచ్చే వారానికి మారిందన్నమాట. ఇంకో ఏడు రోజులు, ఏడు ఆర్లు నలభై రెండు డైపర్లు. ఇంట్లోకి వెళ్లి భార్యతో చెప్పాడు. ఆమె తలుపుకి ఆనుకుని, "సరే, ఉల్లిపొట్టు ఇకనుంచి పూలకుండీలో వేద్దాం" అంది. మునిగిపోతున్న పడవలోంచి గరిటెతో నీళ్లు తోడినట్టు అనిపించింది అతనికి.

మంగళవారం పొద్దున షాపుకి పోతుంటే ఎదురింటి బస్సు కండక్టరు తన డబ్బాని గేటు బయటికి తోస్తున్నాడు. పాపం, ఈయనకి గురువారమో మంగళవారమో కూడా తెలియట్లేదు, అసలు ఈ వారం బండే లేదని అంతకన్నా తెలియదు అనుకుని అద్దాలాయన లోలోపల నవ్వుకున్నాడు. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు. చెబితే చిన్నబుచ్చుకుంటాడేమోనని చెప్పలేదు.

సాయంత్రం వచ్చేసరికి వీధి పొడవునా డబ్బాలు ఖాళీగా, మూతలు వెనక్కి వేలాడేసుకుని ఉన్నాయి. కండక్టరు తన డబ్బాని వేలితో మోగించి చూపించాడు.

"ఏం తమ్ముడూ, మీది పెట్టలేదే? గురువారం తీసేసి మంగళవారం చేశారుగా. మీ టీచరుగారు గేటు మీద రాశారు కూడా."

"వారం మారిందని రాశారు."

"అవును మరి. వారం మారింది. గురు పోయి మంగళ వచ్చింది."

ఒక్క మాట. ఏడు రోజుల మూటనీ వారమే అంటాం, ఆ మూటలో ఒక్కో రోజునీ వారమే అంటాం. తాను మూటని చూశాడు, ఆవిడ రోజుని రాసింది. మధ్యలోంచి బండి వెళ్లిపోయింది. ఇక పద్నాలుగు రోజుల దాకా రాదు.

ఆ రాత మీద తప్పు మోపి తప్పించుకోవచ్చు. కానీ ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన మనిషితో మీ తెలుగులో రెండర్థాలున్నాయని అద్దెకున్నవాడు ఎలా అంటాడు? నాలుగు రోజులు ఆ మాటని నోట్లో వేడి ముద్దలా అటూ ఇటూ తిప్పాడు. అయిదో రోజు ఆవిడే మూడో మెట్టు మీదికి వచ్చింది.

"కిటికీ మూసుకుని వంట చేస్తున్నానయ్యా. ఈ వయసులో పొగ మింగనా, మీవాడి వాసన మింగనా?"

"ఈ ఒక్కసారికి టీచరుగారు..."

"బండి వచ్చిన రోజు డబ్బా పెట్టకపోతే ఎలా? రాసి మరీ పెట్టాను."

ముద్ద బయటపడింది. "వారం మారింది అని రాశారండీ. నేను వచ్చే వారం అనుకున్నాను."

ఆవిడ కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. ఆ అద్దాలు అరగదీసింది అతనే.

"నా వాక్యంలో రెండర్థాలు ఉండొచ్చు. సందులో వాసన మాత్రం ఒక్కటే. బండి వచ్చే ఆ పై మంగళవారానికి డబ్బా ఖాళీ కాకపోతే, నెలాఖరుకి వేరే ఇల్లు చూసుకోండి. పిల్లలున్న వాళ్లు కదా అని చెప్పలేక ఇన్నాళ్లు ఊరుకున్నాను." రెండు మెట్లు ఎక్కి, వెనక్కి తిరగకుండానే అంది: "అయినా అర్థం కాకపోతే అడగాలి. నా బడిపిల్లలు అడిగేవాళ్లు."

ఆ తర్వాతి రోజుల్లో అతను కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. ఇంట్లో ఉన్నంతసేపూ పాత లుంగీలు చింపి బిడ్డకి గుడ్డలు కట్టారు. ఆరేయడానికి చోటు చాలక కుర్చీ చేతులకీ, తలుపు రెక్కలకీ వేలాడదీశారు. గుడ్డు పెంకుల్ని పిండిలా నలిపారు. పాల సంచుల్ని కడిగి ఆరబెట్టి పుస్తకంలో నెమలీకల్లా మడిచి పెట్టారు. సరిగ్గా అప్పుడే బిడ్డకి పళ్లు రావడం మొదలై విరేచనాలు పట్టుకున్నాయి. రోజుకి ఆరు డైపర్లు పది అయ్యాయి. గుడ్డలు మూలపడ్డాయి.

డబ్బా మూత నాలుగు వేళ్లు లేచింది. ఆ రోజు అతను సందులోకి ఒక చెక్కపలక పట్టుకెళ్లి, సంచుల మీద పరిచి, కిటికీ ఊచ పట్టుకుని పైకెక్కి నిలబడ్డాడు. మెల్లగా, నిట్టూర్పు లాంటి చప్పుడుతో, చెత్త మోకాలంత లోతు దిగింది. మూత పడింది. అతనికి ఏడుపొచ్చినంత హాయిగా అనిపించింది. ఇక రోజూ అదే వ్యాయామం.

"పరుపులో దూది కుక్కినట్టు కుక్కుతున్నావు" అంది భార్య కిటికీలోంచి.

"మూత పడాలిగా."

"షాపులో ఇలాగే చేస్తావా?"

అతను పలకని ఇంకోసారి తొక్కాడు. షాపులో బలం వాడినవాడికి పగిలిన అద్దమే మిగులుతుందని అతనికన్నా ఎవరికి తెలుసు. కానీ సానరాయి దగ్గర వేళ్లు ఆలోచిస్తాయి. ఇక్కడ భయం ఆలోచిస్తోంది. షాపులో కూడా ఆ వాసన తన చొక్కాకి ఉందేమోనని మాటిమాటికీ భుజం వైపు ముఖం తిప్పుకునేవాడు. కౌంటర్లో కూర్చునే అమ్మాయి "మెడ పట్టేసిందా అన్నా?" అని అడిగింది.

మంగళవారం వచ్చింది. షాపులో రెండు గంటలు అనుమతి అడిగి, బిడ్డనెత్తుకుని గేటు పక్కన నిలబడ్డ భార్యతో, కూతురితో పాటు తానూ నిలబడ్డాడు. మూత బల్లపరుపుగా ఉంది. పిల్లల తల దువ్వినట్టు దాన్ని రెండుసార్లు తుడిచాడు. మూడో మెట్టు మీద టీచరుగారు ఉన్నారని చూడకుండానే తెలిసింది.

బండి మలుపు తిరిగింది. వెనక నిలబడ్డ ఆవిడ, మోచేతుల దాకా తొడుగులేసుకున్న మనిషి, దిగి డబ్బాని బండి ఇనుప చేతులకి తగిలించింది. అవి డబ్బాని ఎత్తి, తలకిందులు చేసి, దులిపాయి. పైనున్న ఒక్క సంచీ పడింది. మళ్లీ దులిపాయి. ఇంకేమీ పడలేదు. డబ్బా అలాగే కిందికి దిగింది, నిండుగా.

"తొక్కారా అన్నా?"

"కొంచెం."

"కొంచెం తొక్కితే ఇలా ఉండదు. సిమెంటు పోసినట్టుంది." ఆవిడ వెనక్కి చూసింది. బండి వెనక ఒక బస్సు ఆగి హారను కొడుతోంది. "ఇంకొక్కసారి ఎత్తుతాను. రాకపోతే నన్ను అనకండి."

ఒక్కసారి. అద్దాలాయన డబ్బాని రోడ్డు మీద పడుకోబెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టాడు. లోపల వెచ్చగా ఉంది. జ్వరమున్న ఒళ్లులా ఉంది. వేళ్లు డబ్బా గోడ వెంట పాక్కుంటూ పోయాయి. నిన్నటి గుడ్డు పెంకులు, మొన్నటి తడి, కూతురు గీసి పారేసిన బొమ్మ కాగితం, ఆ వెనక ఎప్పటివో మెత్తటి రోజులు. ఇరవై ఆరు రోజుల తన ఇల్లు వెనక్కి నడిచి వేళ్లకి తగిలింది. ఒక సంచీ ముడి దొరికింది. లాగితే చినిగి మోచేతి మీద ఏదో కారింది. హారను ఆగకుండా మోగుతోంది. అతను లాగడం మానేశాడు. అద్దం బిగుసుకున్నప్పుడు చేసేదే చేశాడు. అంచు వెంట, నాలుగు వైపులా, కొద్దికొద్దిగా వదులు చేశాడు, గాలి దూరేంత. చివర ఎక్కడో "ఫస్" మన్న చప్పుడు వినిపించింది.

"చెయ్యి తియ్యి అన్నా, ఎత్తేస్తున్నా."

ఇనుప చేతులు లేచాయి. ఒక క్షణం ఏమీ జరగలేదు. ఆ క్షణంలో అతనికి తొమ్మిదో గుమ్మం కనిపించింది, దాని ముందు చంకలో బిడ్డతో భార్య కనిపించింది. తర్వాత అచ్చులోంచి ఊడిన ఇటుకలా, డబ్బా ఆకారంలోనే, మొత్తం ఒక్కముద్దగా బండిలో పడింది.

"బొజ్జబాబు కక్కేశాడు" అంది కూతురు. బండి మీది ఆవిడ నవ్వుకుంటూ ఎక్కింది. బస్సు డ్రైవరు పోతూ పోతూ ఏదో అన్నాడు, మంచిమాట మాత్రం కాదు.

కొళాయి దగ్గర అతను చెయ్యి మూడుసార్లు సబ్బుతో రుద్దుకుంటుంటే టీచరుగారి నీడ నీళ్ల మీద పడింది. ఆవిడ నేల మీద నిలబడి ఉంది. మెట్లన్నీ దిగి.

"ఇల్లు చూస్తున్నారా?"

"ఇంకా మొదలుపెట్టలేదండీ."

"మొదలుపెట్టకండి." ఆవిడ డబ్బా వైపు చూసింది గాని అతని చేతి వైపు చూడలేదు. "వాసన మీదే. రాత నాది. మెట్ల కింద నా డబ్బా ఉంది కదా, నాకు రెండు వారాలకి ఒక్క సంచీ అవుతుంది. మీవి మూడు అందులో వేసుకోండి."

"టీచరుగారు, నాలుగైతే..."

"మూడు" అంది ఆవిడ. "గట్టిగా ముడేసి. తొక్కకుండా."

ఆవిడ మెట్లెక్కి వెళ్లాక పైన కిటికీ రెక్క తెరుచుకున్న చప్పుడు వినిపించింది. అతను డబ్బాని సందులోకి తోసి, లోపల నీళ్లు కొట్టి, నిలబెట్టాడు. పడకగదిలో బిడ్డ ఏడ్చి ఊరుకున్నాడు. కాసేపటికి భార్య కిటికీలోంచి చెయ్యి చాపి, ముడేసిన చిన్న పొట్లం ఒకటి అందించింది. వదిలితే, అది ఖాళీ డబ్బా అడుగున చాలా లోతులో ఎక్కడో తగిలి మోగింది. అతను మూత మూసి, ఇంకా పద్నాలుగు రోజులు ఉన్నాయనుకున్నాడు.