రేటు కోసం ఆపిన పందులు

పందుల్ని మిరపకాయల్లా దాచిపెట్టి సర్వనాశనమైన మనిషిని మీరు చూసి ఉండరు. నన్ను చూడండి. ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో పందులూ బతకవు, నా తెలివీ బతకదు. నవ్వాలనిపిస్తే నిస్సంకోచంగా నవ్వండి. మా ఊళ్లో ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

మాది పెదకాకాని దగ్గర పల్లె. వరసగా పురుగు పడి మిరప తోట పోయాక, నేనూ మా ఆవిడ సుగుణా కౌలు పొలం వదిలేశాం. ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి సీమపందుల్ని పెంచడం మొదలుపెట్టాం. గుంటూరు కాలేజీ హాస్టళ్లలో పిల్లలు వదిలేసిన అన్నం డ్రమ్ముల్లో తెచ్చి, మళ్లీ ఉడకబెట్టి పోసేవాళ్లం. ఆ పిల్లలకు చదువు ఎంత ఎక్కేదో తెలియదు గానీ, హాస్టల్ కూడు మాత్రం అసలు ఎక్కేది కాదు. వాళ్ల పుణ్యాన మా పందులు నిగనిగలాడుతూ పెరిగాయి.

సుగుణ ఆశ ఒక్కటే. ఈ మంద అమ్ముడుపోతే మళ్లీ మిరపకాయల కోతకు కూలికి వెళ్లక్కర్లేదు. కోతల రోజుల్లో చేతుల మంట తట్టుకోలేక సాయంత్రాలు చేతులు నీళ్ల గిన్నెలో పెట్టుకుని కూర్చునేది.

దసరా ముందు గుంటూరు నుంచి దావీదు వచ్చాడు. ఆదివారం చర్చి వదిలే వేళకు పంది మాంసం కొట్టేది అతనే. పందుల వీపులు తడిమి చూసి, సరిగ్గా కండ పట్టాయి, రేపే బండి పంపిస్తానన్నాడు. రేటు కూడా న్యాయంగానే చెప్పాడు.

అప్పుడు నాలోని మిరప రైతు నిద్రలేచాడు. మావాళ్లకు తెలిసిన వ్యాపార రహస్యం ఒక్కటే. రేటు నచ్చకపోతే టిక్కీలు, అదే మిరప బస్తాలు, ఏసీలో పెట్టి కూర్చోవడం. ఏసీ అంటే మాకు మనుషులు చల్లగా పడుకునే గది కాదండీ, మిరపకాయల బస్తాలు పడుకునే కోల్డ్ స్టోరేజీ.

"క్రిస్మస్‌కి రేటు పెరుగుద్ది. అప్పటిదాకా ఆపుతా" అన్నాను.

"టిక్కీలైతే ఆపొచ్చు తమ్ముడూ. ఇవి రోజూ తింటయ్యి" అన్నాడు దావీదు.

సుగుణ నన్ను పక్కకు పిలిచి, "ఇచ్చెయ్యవయ్యా" అంది. ఆమెకు మార్కెట్ తెలియదన్నట్టు మీసం దువ్వాను. అప్పట్లో నాకు మీసం కూడా సరిగ్గా లేదు.

వారం తిరక్కుండా హాస్టళ్లకు దసరా సెలవులిచ్చారు. పిల్లలు ఊళ్లకు పోయారు, వాళ్లతోపాటే మా పందుల కూడూ పోయింది. తవుడు కొని పోశాం. తిన్నదంతా కొవ్వు పట్టింది. దావీదు మళ్లీ వచ్చి, జనం కండే అడుగుతారు, ఈ కొవ్వు ఎవరికి అంటగట్టమంటావని తగ్గించి అడిగాడు. నేను పౌరుషానికి పోయాను. మిరప యార్డులో వేలం పాట వినే పెద్ద రైతులా తల అడ్డంగా ఊపి పంపేశాను.

ఇంతలో పక్క ఊళ్లో పందులకు జ్వరం వచ్చింది. మనుషులకు అంటదు గానీ పందికి మందు లేదు. మాంసం కొట్లు మూతపడ్డాయి, పంది బండి ఊరు దాటకూడదన్నారు. దావీదుకు నేనే ఫోన్ చేసి బతిమాలాను. ఊరికే ఇచ్చినా ఎత్తలేనన్నాడు. ఒక పొద్దున మా పెద్ద ఆడపంది తొట్టి దగ్గరకు రాలేదు. చూస్తే చెవులు కందిపోయి ఉన్నాయి.

పశువుల డాక్టరు వచ్చి, బాగున్నవాటిని కూడా చంపి పూడ్చాల్సిందే అన్నారు. సెలవులైపోయి హాస్టల్ కూడు మళ్లీ వస్తోంది, ఆ రోజు పులిహోర వచ్చింది. వాటిని కడుపు నిండా తిననివ్వమని సుగుణ అడిగింది. ఆయన కాదనలేక గేటు దగ్గర నిలబడ్డారు. లేవగలిగినవన్నీ తోకలాడిస్తూ తిన్నాయి. నేను షెడ్డు వెనక్కి పోయి ఏడ్చాను, దాచుకోవడానికేముంది.

పొక్లెయిన్ గొయ్యి పూడ్చాక, పైన సున్నం చల్లుతూ సుగుణ నావైపు చూడకుండానే అంది.

"పెట్టావుగా ఏసీలో. రేటు వచ్చినప్పుడు తీద్దువులే."

రేటు వచ్చింది. కొట్లు మళ్లీ తెరిచాక, క్రిస్మస్‌కి నేను చెప్పినట్టే చుక్కలనంటింది, అమ్మడానికే పంది లేదు. పండగ పూట మా ఇంట్లో వంకాయ కూర. సంక్రాంతి వెళ్లగానే సుగుణ మళ్లీ మిరప కోతకు వెళ్లింది.

కాబట్టి, ఆ సున్నం గొయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నోరున్న ప్రాణిని దేన్నీ ఈ జన్మలో రేటు కోసం ఆపను. మాటకు కట్టుబడి, మొన్న సుగుణ పెంచుకుంటున్న కోడిని వాకిట్లో ఆగిన మొదటి మనిషికే, అతను చెప్పిన ధరకు మారుమాట లేకుండా ఇచ్చేశాను. తీరా చూస్తే అతను ఆగింది చర్చికి దారి అడగడానికట. కోడి ధర మాటవరసకు అన్నాడట.

ఆ సాయంత్రం ఈ ప్రమాణం సంగతి సుగుణకు చెప్పాను. ఆమె నీళ్ల గిన్నెలోంచి చేతులు తియ్యకుండానే, "కోడి కూడా పోయాకా?" అంది.