సత్తయ్య చాయ

ఫొటో ఎన్నేళ్లుంటుందని ఎవరడిగినా బాలప్ప ఒకటే మాట చెప్పేవాడు: "నూరేండ్లు." పటాన్‌చెరులో స్టూడియో పెట్టిన కొత్తలో, పాశమైలారం ఫ్యాక్టరీ కార్మికులకు గుర్తింపు కార్డు ఫొటోలు తీస్తూ, పెళ్లిళ్లకు పరుగులు పెడుతూ, ఆ మాట ఎంతమందికి అన్నాడో ఆయనకే తెలియదు. ఫొటోలు అచ్చేసే రంగుల కాగితం డబ్బా మీద ఎన్నేళ్లని రాసుందో చదివే తీరిక ఎక్కడిది పాపం!

ఆ నూరేళ్లు ఇరవై ఆరేళ్లకే నిండాయని చెప్పడానికి మొన్న సోమవారం నర్సింహమ్మ వచ్చింది. పాత తువ్వాలులో చుట్టి తెచ్చిన పటాన్ని బల్ల మీద పెట్టింది. అందులో ఆమె పెనిమిటి సత్తయ్య ఉండాలి. ఉన్నది పాలిపోయిన పసుపు మరక, రెండు కళ్ల జాడ.

"నూరేండ్లంటివి గదా తమ్మీ," అంది. తిట్టినా బాగుండేది.

బాలప్పకు తల కొట్టేసినట్టయింది. "యాడ పెట్టినవక్కా?"

"తలుపుకెదురుంగ. పొద్దుగాల ఎండ ఆయన మీదనే పడ్తది. పైన కరెంటు బుగ్గ గూడ ఎన్నడు ఆర్పలే, ఆయన పోయిన సంది."

పోయినవాళ్లను మనం అలాగే చూసుకుంటాం మరి. దండ, బొట్టు, రాత్రింబవళ్లు వెలిగే బల్బు. ఆ వెలుగే రంగును రోజుకింత తినేసింది. ఆ సంగతి చెప్పడానికి బాలప్పకు నోరు రాలేదు. చెప్పకుంటే కొత్తదీ అక్కడే వేలాడదీస్తుందని చెప్పేశాడు.

"అయితే నేనే పోగొట్టుకున్ననా?" అంది నర్సింహమ్మ. "ఇంకో ఫొటో లేదు తమ్మీ. మనుమరాలు చంద్రిక, తాత ఎట్లుంటుండె అని అడుగుతది. ఏం జూపియ్యాలె?"

నెగెటివ్ కూడా లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పాత దుకాణం పోయింది, నెగెటివ్‌ల పెట్టెలు వానకు తడిసి ముద్దయ్యాయి. బాలప్ప చెక్క ఫ్రేము ఊడదీశాడు. ఫొటో అద్దానికి అతుక్కుని ఉంది, పీకితే ఉన్న ముఖమూ ఊడొస్తుంది. అద్దంతో సహా స్కాన్ చేసి, రెండు రోజులు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కళ్లు, మీసం, నుదురు ఒక్కొక్కటే తేలాయి. బాలప్పకు మనసు కుదుటపడింది.

గురువారం నర్సింహమ్మ తెర చూసి మొహం చిట్లించింది. "ఎవరీయన? పెండ్లికొడుకు లెక్కున్నడు!"

పాతికేళ్ల అలవాటు ఊరుకుంటుందా! పెళ్లివాళ్లంతా "జెర తెల్లగ జెయ్యన్నా" అని వెంటపడేవాళ్లే. బాలప్ప చెయ్యి అడక్కుండానే సత్తయ్యను తెల్లబరిచింది.

"మా ఆయన నల్లగుంటుండె తమ్మీ."

"ఎంత నలుపక్కా?"

నర్సింహమ్మ దిక్కుతోచక పాత ఫొటో వైపు తిరిగి, అద్దం మీదికి వంగింది. ఇన్నేళ్లూ చెక్క కింద దాగిన అంచు వేలెడు వెడల్పున అలాగే ఉంది. అక్కడ ఎండ తగల్లేదు. మోకాలి మీద పెట్టుకున్న సత్తయ్య చేతివేళ్లు నాలుగూ అందులో నిండు రంగుతో ఉన్నాయి.

"గివి ఆయన వేళ్లే!" అని అరిచినంత పని చేసింది.

బాలప్ప ఆ వేళ్ల చాయ తీసి ముఖానికి పట్టించడం మొదలుపెట్టాడు. "ఇంక," అంది. "ఇంక జెర." నుదురు నల్లబడింది, బుగ్గలు నల్లబడ్డాయి.

"ఆగు!"

తెర మీద చెయ్యి పెట్టి తడిమింది నర్సింహమ్మ. కళ్లనీళ్లు తుడుచుకోలేదు.

"వచ్చినవా?" అంది. "దా, ఇంటికి పోదాం. పిల్ల నిన్ను సూస్తనన్నది."