ఓడ దిగని పుస్తకంలో నలభై ఏడో పేజీ

పోర్ట్‌బ్లెయిర్‌లో నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం చదివే రోజులు. మన మత్స్యకారులు అండమాన్‌కు ఎలా వచ్చారో ప్రాజెక్టు రాయాలి. సార్ సంతకం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. చివర పది పుస్తకాల పట్టిక ఉండాలన్నారు. నేను చదివినవి రెండే. మిగతా ఎనిమిదీ లైబ్రరీ గోడకంటించిన ‘కొత్త పుస్తకాలు’ జాబితాలోంచి దింపేశాను. నమ్మకం కుదరాలని ఒకదానికి ‘47వ పేజీ’ అని కూడా తగిలించాను.

సార్ సరిగ్గా అక్కడే ఆగారు. ఆయన కళ్ళజోడు లైట్‌హౌస్‌లా నామీద మూడుసార్లు తిరిగింది.

“ఎక్కడ చదివావు?”

“లైబ్రరీలోనే సార్.”

వెంటనే నన్ను అక్కడికే నడిపించారు. అసలే లైబ్రేరియన్ దీదీ నా సంచీని దొంగసరుకులా చూసేది. సంగతి వినగానే దాన్ని బల్లమీద బోర్లించింది. రెండు పెన్నులు, ఎండుచేపల పొట్లం రాలాయి.

“కైసే పఢా భయ్యా, ఎలా చదివావ్? బిల్లు చూసి జాబితా ముందే అంటించాను. పుస్తకాల పెట్టె ఓడలో ఉంది, ఓడేమో తుపానుకి మద్రాసులో ఆగింది. ఈదుకెళ్ళి చదివొచ్చావా?”

నా చెమటకు బంగాళాఖాతం రెండడుగులు పెరిగింది.

“ఓడ వచ్చాక ఎనిమిదీ చదువు. అప్పుడే సంతకం,” అన్నారు సార్.

పదిరోజులు రేవులో కాపలా కాశాను. పెట్టె దిగగానే ఆ 47వ పేజీ పుస్తకం తెరిచాను. మొత్తం నలభై పేజీలే!

ఎనిమిదీ చదివాను, సంతకం దక్కింది. కానీ పుస్తకాల పట్టికలంటే అనుమానం మాత్రం నాకు అంటుకుపోయింది. మొన్న మా అమ్మాయి ప్రాజెక్టు చూపిస్తే, చివరి పేజీ ముందు తిప్పి అడిగాను: “ఇవన్నీ ఓడ దిగాయా తల్లీ?”