భయాన్ని ముందు నిద్రపుచ్చిన డాక్టరమ్మ

మంగళవారం పొద్దున ఆపరేషన్ థియేటర్లో ట్రేలు సర్దుతుంటే ఆయమ్మ తలుపు దగ్గర నిలబడి, "సిస్టరమ్మా, మన మత్తు మేడం ఇగ లేదట," అంది. చేతిలోని ట్రే కింద పెట్టి స్టూలు మీద కూలబడ్డాను. నిజామాబాద్‌లోని మా చిన్న ఆసుపత్రిలో ఆమె పక్కన పదహారేళ్లు నర్సుగా పనిచేశాను. మనుషులను నిద్రపుచ్చి క్షేమంగా లేపడం ఆమె పని. కోసిన డాక్టరు పేరు ఊరంతా చెప్పుకుంటుంది. మత్తిచ్చిన డాక్టరు మొహం కూడా ఎవరికీ గుర్తుండదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మేడమ్‌ది బోధన్ పక్క పల్లె. పెద్ద చదువు చదివినా మాట మారలేదు. చలికాలంలో రోగిని ముట్టుకునే ముందు రెండు చేతులూ రుద్దుకుని వెచ్చబరుచుకునేవారు. ఎవరైనా ట్రే ధబ్బుమని పెడితే కళ్లతోనే కోప్పడేవారు. "మనిషి పండుకున్నడు గాని ఒళ్లు పండుకోలే," అనేవారు.

కొత్తలో నాకు ఆ మాట అర్థం కాలేదు. అడిగితే మానిటర్ మీద అంకెలు చూపించి చెప్పారు. కత్తి పడగానే, మనిషికి తెలియకపోయినా, ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయట. మత్తు, నొప్పి మందు సరిగ్గా కుదిరితే అవి అణుగుతాయట. మెలకువలో భయపడ్డప్పుడు ఊరే ఆ హార్మోన్లే జ్ఞాపకాన్ని లోతుగా నాటుతాయట.

"గందుకే భయం జల్ది మరువం. ఏ మందు దాన్ని ఎంత ఆపుతదో పూర్తిగ ఎవ్వలకు ఎరుకలేదు. ఎరుక లేనప్పుడు పైలంగుండాలె," అన్నారు.

జక్రాన్‌పల్లి నుంచి రాజవ్వ వచ్చినప్పుడు ఆ మాట ఎంత బరువైనదో తెలిసింది. రాజవ్వ బీడీలు చుట్టే మనిషి. పిత్తాశయంలో రాళ్లు, వారం నుంచి సరిగ్గా తిండి లేదు. బల్ల మీద పడుకోబెట్టి మాస్కు దగ్గరికి తేగానే విసిరికొట్టి లేచి కూర్చుంది. ఒళ్లంతా చెమట. చాలా ఏళ్ల కిందట ఇంకెక్కడో గర్భసంచి ఆపరేషన్ మధ్యలో ఆమెకు మెలకువ వచ్చిందట. కదలలేకపోయింది, అరవలేకపోయింది, మాటలన్నీ వినబడ్డాయి.

"నేను సెప్తె ఎవ్వలు నమ్మలే. కలొచ్చింది తియ్ అన్నరు," అని ఏడ్చింది.

సర్జన్‌గారు తొందరపడ్డారు. "ఒక్క సూది ఇస్తే అన్నీ మరిచిపోతది, కానీయండి మేడమ్."

"ఇయ్యాల్టిది మరుస్తది సర్. అప్పటి భయం యాడికి పోతది? గిట్ల వణుకుతుంటె పండవెడితే అది ఇంకింత గట్టిపడ్తదేమో," అని మేడమ్ ఆపరేషన్ ఆపేశారు. సర్జన్‌గారు గ్లౌజులు విసిరేసి వెళ్లిపోయారు. రాయి అడ్డుపడితే ప్రాణం మీదికొస్తుందని మేడమ్‌కూ తెలుసు.

ఆ సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని, తాగకుండానే చెప్పారు. "నేను కొత్తల ఒకాయనకు మత్తిచ్చిన. చెరుకు బండి తోలేటాయన, కాలు విరిగింది. తెల్లారి, 'సుత్తె సప్పుడు ఇన్న మేడం' అన్నడు. కలొచ్చి ఉంటది అన్న. నా తప్పు బయటపడ్తదని భయపడ్డ. ఇంకో ఆపరేషన్ ఉండె, ఆయన రాలే. తర్వాత నేనే వాళ్ల ఊరికి పోయిన. మహారాష్ట్ర దిక్కు పోయిండన్నరు. కుంటుకుంటనే పోయి ఉంటడు."

ప్రతి రోగినీ మర్నాడు పొద్దున "నడుమల ఏమన్న యాదికున్నదా?" అని ఆమె ఎందుకు అడుగుతారో అప్పుడు అర్థమైంది.

మరునాడు రాజవ్వ మంచం పక్కన కూర్చుని మేడమ్ మొదట చెప్పిన మాట ఇదే: "నువ్వు చెప్పింది నేను నమ్ముతున్న అక్కా. నీకు మెలకువ వచ్చింది." రాజవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని మేడమ్ చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాతి రోజు మాస్కు ఆమె చేతికే ఇచ్చారు. మూడో రోజు ఖాళీ థియేటర్ తిప్పి చూపించారు. నాలుగో రోజు రాజవ్వను బల్ల మీద పడుకోబెట్టి, మత్తు ఎక్కిస్తూ, "బీడీ ఎట్ల చుడ్తవో చెప్పక్కా, నాకు రాదు," అన్నారు.

రాజవ్వ గాలిలో వేళ్లు ఆడించింది. "ముందుగాల ఆకు కత్తిరియ్యాలె... తంబాకు పొయ్యాలె... గిట్ల..." వేళ్లు మెల్లగా వదులయ్యాయి.

మెలకువ రాగానే, "ఇంక షురూ చెయ్యలేదా?" అంది. మర్నాడు మేడమ్ తన ప్రశ్న అడిగితే, "నువ్వు బీడీ చుట్టుడు నేర్సుకోకపోతివి. గదొక్కటే యాదికున్నది," అని నవ్వింది. మేడమ్ కిటికీ వైపు తిరిగి కళ్లజోడు తుడుచుకున్నారు.

మొన్నటి చలికాలంలో ఆమెకే జబ్బు బయటపడింది. మా థియేటర్లోనే ఆపరేషన్ జరిగింది. దానివల్ల కొన్ని నెలలు దక్కాయి. ఆ రోజు బల్ల మీద పడుకుని, "నా నాడి ఎంతున్నది?" అని అడిగారు.

"నూట ఇరవై, మేడమ్."

"అబద్ధం చెప్పకపోతివి, మంచిగ చేసినవ్," అన్నారు. ఆమె చెయ్యి పట్టుకుని చిన్నప్పటి సంగతులు అడిగాను. "స్కూలిడిసినంక చెరుకు బండ్ల ఎనుక ఉరుకుతుంటిమి," అన్నారు. "ఒక్క గడ గుంజుకోని చేన్ల దాసుకుంటుంటిమి. బండాయన ఎనుకకు తిరిగి చూస్తడు, మేము ఊపిరి బిగవట్టి..."

మాట అక్కడే ఆగింది. మాస్కు కింద పెదాలు ఇంకా నవ్వుతున్నాయి, చెరుకు చేనులో దాక్కున్న పిల్లలా.